రీకంపైల్ కొట్టేస్తే పోర్టింగ్ అయిపోతుందా గురూ?

రుషికొండ ఐటీ హిల్స్ మీద టీ తాగుతూ ఇచ్చేసే ఎస్టిమేట్లు వింటే ఒళ్లు మండుతుంది. ఇంటెల్, ఏఎండీ తరహా ఎక్స్86 చిప్పుల మీద నడిచే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌ని, వేరే ఆదేశాలతో నడిచే ఆర్మ్ చిప్పుల మీదికి మార్చడం, అదే పోర్టింగ్, సంగతి ఇది. "ఎక్స్86 నుంచి ఆర్మ్‌కే కదా, రీకంపైల్ కొట్టి రెండు వారాల్లో ఇచ్చేద్దాం" అట! కంపైలర్ అరిచిన చోట భయం లేదు బాబూ. ఎస్ఎస్ఈ ఇంట్రిన్సిక్స్ (ఎక్స్86కే ప్రత్యేకమైన ఆదేశాలు) ఉంటే అక్కడే ఆగిపోతుంది, వాటిని ఆర్మ్ ఆదేశాలుగా మార్చే ఎస్ఎస్ఈ2నియాన్ హెడర్ పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతాం. కిక్కురుమనకుండా కంపైలయ్యే లైన్లే కొంప ముంచేవి.

ఒక బైటుని దాచే చార్ సంగతే చూడండి. అది సైన్డ్ అయితే -128 నుంచి 127 దాకా, అన్‌సైన్డ్ అయితే 0 నుంచి 255 దాకా పడుతుంది. ఎక్స్86 లినక్స్‌లో ఉత్త చార్ సైన్డ్, ఆర్మ్ లినక్స్‌లో అన్‌సైన్డ్. "విశాఖ" అంటే యూటీఎఫ్-8లో 15 బైట్లు, మొదటిది 224. పాత మెషీన్ దాన్ని -32గా చదువుతుంది. అందుకే "సున్నా కంటే తక్కువైతే ఇంగ్లీషు కాదు" అని ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన కండిషన్ ఇన్నాళ్లూ నడిచింది. కొత్త మెషీన్‌లో 224 అంటే 224యే. కండిషన్ ఇక ఎప్పటికీ నిజం కాదు, డ్రాయింగ్ టైటిల్ బ్లాకులో తెలుగు పేరు పిచ్చిగీతలైపోతుంది. అన్నీ ఇంగ్లీషు పేర్లతోనే టెస్ట్ చేసే టీముకి ఇది జన్మలో దొరకదు. కంపైలర్‌కి ఎఫ్-సైన్డ్-చార్ ఫ్లాగ్ (చార్‌ని సైన్డ్‌గానే చూడమనే ఆప్షన్) పెడితే అప్పటికి గండం గడుస్తుంది. సరైన పని మాత్రం అన్‌సైన్డ్ చార్ అని రాసి, 127 దాటిందా అని చూడటమే, ఇంగ్లీషు అక్షరాలన్నీ 127 లోపే కదా. మాక్‌లో ఆర్మ్ మీద కూడా చార్ సైన్డే, కాబట్టి అక్కడ పాసైందని సంబరపడొద్దు.

ఇంతకన్నా ముదురు థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనుల) గొడవ. ఒక థ్రెడ్ డేటా రాసి, ఆపైన డేటా సిద్ధమని చెప్పే రెడీ ఫ్లాగ్ అనే వేరియబుల్‌ని 1 చేస్తుంది. ఎక్స్86 ఆ రెండింటినీ అదే వరసలో మిగతా కోర్లకి చూపిస్తుంది. ఆర్మ్ ఆ పూచీ తీసుకోదు, ఫ్లాగ్ ముందొచ్చి డేటా వెనక రావచ్చు. ఆ వేరియబుల్‌కి వోలటైల్ అనే మాట పెట్టాం కదా అంటారు. అది దీనికి మందు కాదు: ఫ్లాగ్‌ని అటామిక్ చేసి, రిలీజ్‌తో రాసి అక్వైర్‌తో చదవాలి, అప్పుడే ఫ్లాగ్ చూసిన థ్రెడ్‌కి దానికి ముందు రాసిన డేటా కూడా కనిపిస్తుంది. రొసెట్టా 2 (ఎక్స్86 ప్రోగ్రాములని ఆర్మ్ మాక్‌ల మీద నడిపే యాపిల్ అనువాదకం) కింద నడిపి చూశామనేవాళ్లకి ఇంకో మాట. యాపిల్ చిప్పుల్లో రొసెట్టా కోసమే ఎక్స్86 వరస పాటించే మోడ్ ఉంది, అందులో ఈ బగ్ దాక్కుంటుంది. నేరుగా ఆర్మ్ కోసమే కంపైల్ చేసిన నేటివ్ బిల్డ్‌లో బయటికొస్తుంది, అదీ సరిగ్గా డెమో రోజున. కాబట్టి పాత మెషీన్ మీదే ముందు థ్రెడ్ శానిటైజర్ (థ్రెడ్ల ఇలాంటి తప్పులు పట్టే టూల్) నడపండి.

లెక్కల్లో చివరి అంకెలు మారితే కంగారొద్దు. ఆర్మ్ మీద జీసీసీ కంపైలర్ గుణకారాన్నీ కూడికనీ కలిపి ఎఫ్ఎంఏ అనే ఒకే ఆదేశంగా మార్చేస్తుంది, మధ్యలో ఒక రౌండింగ్ తగ్గుతుంది. బీమ్ మూమెంట్లని అచ్చంగా సమానమా అని పోల్చిన టెస్టులదే తప్పు, టాలరెన్స్ (ఒప్పుకునే కొద్ది తేడా) పెట్టండి.

అసలు తేదీ చెప్పేముందు ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో సోర్స్ మన చేతిలో లేని లైబ్రరీలెన్నో, డ్రైవర్లెన్నో రాసుకోండి. విండోస్ ఆర్మ్ ఎక్స్86 మామూలు యాప్‌ని ఎమ్యులేట్ చేస్తుంది, అంటే అనుకరించి నడిపిస్తుంది; సిస్టమ్ లోపలే నడిచే కెర్నెల్ డ్రైవర్‌ని చేయదు. గాజువాక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో డాంగిల్ (లైసెన్స్ ఉన్న యూఎస్‌బీ తాళంచెవి) గుచ్చి వాడే డిటైలింగ్ సాఫ్ట్‌వేర్‌కి, ఆ డాంగిల్ డ్రైవర్ ఆర్మ్64లో లేకపోతే మీ నేటివ్ బిల్డ్ లైసెన్స్ స్క్రీనే దాటదు. ముందు ఆ వెండర్‌కి మెయిల్ పెట్టండి. జవాబొచ్చాక చెప్పండి, రెండు వారాలో రెండు క్వార్టర్లో.