పాత ప్యాలెట్లతో పెరటి తడక: చేతులు మారుతున్న సలహాలో పొరపాట్లు

ఒక సలహా చాలాకాలంగా ఫోన్ల నుంచి ఫోన్లకు వెళ్తోంది. దాని సారాంశం ఇది: గోదాముల దగ్గర పారేసే ప్యాలెట్లను (సరుకులు పేర్చే చెక్క చట్రాలను) ‘హెచ్‌టీ’ ముద్ర (వేడిచేసిన చెక్క అన్న గుర్తు) ఉంటే చెదలు పట్టవని నమ్మి తెచ్చుకుని, గుంజలను సిమెంటులో పాతి, పలకలను సందు లేకుండా బిగించి, పైన కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తే, పెరట్లో నీళ్ళు పోసుకునే చోటుకో బట్టలారేసే చోటుకో పైసా ఖర్చు లేకుండా ఒక్క పూటలో మరుగు అమరుతుంది, పదేళ్ళు చెక్కుచెదరదు; పాత టేకు తలుపు దొరికితే ఇక చెదల భయమే లేదు. పాత చెక్కను మళ్ళీ వాడుకోవాలన్న ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, అందుకే ఆ చెక్కను తొందరగా పాడుచేసే ఈ పద్ధతిని చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

ముద్ర ఉంటే చెదలు పట్టవన్న మాట పొరపాటు. ఒక దేశపు పురుగు చెక్కతోపాటు మరో దేశపు అడవుల్లోకి చేరకూడదని 2002లో వచ్చిన ‘ఐఎస్‌పీఎం 15’ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, చెక్కను నడిమి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచితే ఆ ముద్ర వేస్తారు. ఆ వేడికి అప్పుడు లోపల ఉన్న పురుగు చస్తుంది తప్ప, తర్వాత మన నేలలోంచి ఎక్కే చెదలను ఆపేది చెక్కలో ఏమీ మిగలదు. పైగా ప్యాలెట్లకు ఎక్కువగా వాడే పైన్, రబ్బరు కర్ర వంటివి వానకు తట్టుకునే కలప కాదు. మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పొగ పెట్టారని చెప్పే ‘ఎంబీ’ ముద్ర ఉన్నవాటిని వదిలేయాలన్నది నిజమే. అయితే ఏ ముద్రా ఆ ప్యాలెట్ మీద ఏ రసాయనం ఒలికిందో చెప్పదు కాబట్టి మరకలున్నవాటినీ, ఘాటు వాసన వచ్చేవాటినీ తీసుకోకూడదు.

అన్నిటికన్నా నష్టం చేసేది గుంజలను సిమెంటులో పాతడం. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. పాత పెంకుటింటి వాసం ముక్కలను గుంతల్లో నిలబెట్టి సిమెంటు పోస్తే, మూడో వానాకాలంలో తడక ఒరిగింది. పట్టుకుని కదిపితే గుంజ సరిగ్గా నేలమట్టం దగ్గర విరిగి చేతికొచ్చింది. పైకర్ర మేకు దిగనంత గట్టిగా ఉంది, గుంతలో మిగిలిన మొదలు మాత్రం తడిసిన అటుకుల్లా గోటితో గీకితేనే ఊడివచ్చింది. కర్ర ఎండి సన్నబడినప్పుడు దానికీ సిమెంటుకూ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది, వాన నీరు అందులోకి దిగి బయటికి రాలేక నిలుస్తుంది, కుళ్ళు పుట్టించే బూజుకు కావలసిన తడీ గాలీ రెండూ నేలమట్టం దగ్గరే సమృద్ధిగా దొరుకుతాయి. మన పాత ఇళ్ళ వసారాల్లో చెక్క స్తంభాన్ని రాతి దిమ్మె మీద నిలిపింది ఇందుకే. ఇంగ్లిషు ‘యు’ అక్షరంలా వంచిన జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పట్టీని సిమెంటులో పాతి, గుంజ అడుగు నేలకు రెండంగుళాల ఎత్తున ఉండేలా దానికి బోల్టులతో బిగించుకుంటే నీరు నిలవదు, చెదలు ఎక్కినా మట్టి గీత కంటికి కనబడుతుంది.

కాలిన ఇంజన్ ఆయిల్‌లో అరిగిన లోహాల పొడితోపాటు క్యాన్సర్ కారకమైన పదార్థాలు కూడా ఉంటాయి. మన దేశంలో 2016 నాటి నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. అది చెక్కలో స్థిరపడదు, వానకు కొంచెం కొంచెంగా కారి కరివేపాకు మొక్క వేళ్ళలోకీ, ఆరేసిన బట్టల మీదికీ చేరుతుంది. ఆరుబయటి కలప కోసం తయారైన పూత రెండు సార్లు వేయడం, అందులోనూ నీటిని బాగా పీల్చే కోసిన కొసలకు మరోసారి దట్టంగా పట్టించడం మేలు.

ఇక సందు లేని పలకలు. ఆరడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న మూసిన తడక మీద గంటకు 100 కిలోమీటర్ల గాలి వేసే ఒత్తిడి రెండు వందల కిలోల బరువుకు తక్కువ కాదు. గాలి వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగింతలవుతుంది. భవనాల లెక్కల కోసం భారతీయ ప్రమాణం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని తీసుకుంటుంది, హైదరాబాద్‌కు 44 మీటర్లు. తాటాకు దడి గాలిని కొంత వదులుతుంది కాబట్టే నిలిచేది. పలకలను చట్రానికి రెండు వైపులా, ఒక వైపు సందుకు ఎదురుగా రెండో వైపు పలక వచ్చేలా కొడితే చూపు ఆగుతుంది, గాలి పోతుంది.

టేకు గురించిన మాట సగమే నిజం. చెదలకు లొంగనిది చేవ, అంటే మాను నడిమి ముదురు భాగం మాత్రమే, అంచుల్లో ఉండే తెల్ల భాగాన్ని అవి మామూలు కర్రలాగే తింటాయి. పాత తలుపు మీది రంగు సంగతీ చూసుకోవాలి. ఇళ్ళకు వేసే రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1న గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు రంగు వేసిన తలుపును పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి పిల్లల ఒంట్లోకి చేరుతుంది. తడిపి గీకాలి, గీకిన పెచ్చులను ఏరి మూటకట్టాలి.

ఒక్క పూట సంగతికొస్తే, మెలితిరిగిన మేకులున్న ఒక ప్యాలెట్‌ను పలక చీలకుండా విప్పడానికే నాకు గంటన్నర పట్టింది. మరమేకులు, పట్టీలు, పూత డబ్బు పెట్టి కొనాల్సినవే.

ఇప్పటికే సిమెంటులో పాతినవారు వానలు మొదలవకముందే గుంజ మొదట్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన అర అంగుళం సులువుగా దిగితే తడకకు దన్ను పెట్టి, కుళ్ళిన మేర కోసేసి, గట్టిగా మిగిలిన పైకర్రనే ఇనుప పట్టీ మీద మళ్ళీ నిలబెట్టుకోవచ్చు.