సొమ్మొకడిది, సోకు తమది: ఓలెడ్ తెరకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఓలెడ్ తెర గారి దివ్య సముఖమునకు,

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ మిషన్లను కొని, అమ్మి, విప్పి, మళ్లీ బిగించే హైదరాబాదు జనం సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి వ్రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమ నలుపు క్షేమమని తలుస్తాం.

ముందు ఆ నలుపు సంగతే. దుకాణంలో తమ దర్శనం ఎప్పుడూ ఒకే తీరు. కౌంటరు కింది నుంచి మిషన్ తీస్తారు. కటిక చీకట్లో నిప్పురవ్వలు ఎగిరే వీడియో ఒకటి పెడతారు. "సూడన్నా, బ్లాకంటే ఇదీ బ్లాకు" అంటారు. నిజమే. తమ దగ్గర ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది, నలుపు కావాలంటే ఆరిపోతుంది. ఎల్‌సీడీ వెనక మాత్రం దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందున్న స్ఫటికాల తలుపులు ఎంత బిగించినా సుమారు వెయ్యో వంతు వెలుగు సందుల్లోంచి కారుతుంది. అందుకే దాని నలుపు ముసురు పట్టిన మబ్బులా ఉంటుంది. ఇందులో మాకు పేచీ లేదు. ఆ నలుపు చూసి మేం విప్పిన పర్సులో తమ వాటా ఎంత అన్నదే పేచీ.

వాల్వ్ కంపెనీ చేతి మిషన్ స్టీమ్ డెక్ సంగతి చూడండి. 2022 ఫిబ్రవరిలో ఎల్‌సీడీతో వచ్చింది. 2023 నవంబరులో తమరు వేంచేశారు. "ఓలెడ్ వచ్చాక బ్యాటరీ ఎక్కువ వస్తోంది" అని ఊరంతా తమ కీర్తనే. బ్యాటరీ 40 వాట్-అవర్ల నుంచి 50కి పెరిగింది కదండీ, ఎక్కువ రాక ఏం చేస్తుంది? ప్రాసెసర్ తయారీ 7 నానోమీటర్ల నుంచి 6కి దిగింది, అంటే కరెంటు తక్కువ తింటుంది. ఫ్యాన్ పెద్దదైంది. వై-ఫై 6ఈ వచ్చింది. ఇంత మంది మోసుకొచ్చిన పల్లకీలో తమరు కూర్చున్నారు.

నింటెండో స్విచ్ దగ్గర ఈ గుట్టు ఇంకా బాగా బయటపడుతుంది. 2021 అక్టోబరులో తమరు వచ్చినప్పుడు బ్యాటరీ మారలేదు, అదే 4310 ఎంఏహెచ్. కంపెనీ చెప్పిన సమయమూ 2019 మోడల్‌దే, నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు. తమకే అంత పొదుపు గుణం ఉంటే అక్కడ కనబడాలిగా? పైగా 6.2 అంగుళాల మీద పరిచిన 1280×720 చుక్కల్నే 7 అంగుళాల మీదికి సాగదీశారు. అంగుళానికి 237 చుక్కలు ఉండేవి, 210కి తగ్గాయి. ఆ సంగతి డబ్బా మీద ఎక్కడా వేయరు.

సోనీ వారి చేతి మిషన్ పీఎస్ వీటాలో కథ తిరగబడింది. 2011 డిసెంబరులో తమతోనే పుట్టింది, 2013లో తమని దించి ఎల్‌సీడీ ఎక్కించారు. బరువు తగ్గింది, చార్జింగుకు మైక్రో యూఎస్‌బీ వచ్చింది, మూడు నుంచి ఐదు గంటలన్న బ్యాటరీ నాలుగు నుంచి ఆరయింది. తమరు వస్తే పెరిగిన గంట తమ ఖాతాలో పడింది. తమరు పోతే పెరిగిన గంట ఏ ఖాతాలోనూ పడలేదు.

తమ ఆకలి లెక్క వేరు. ఎల్‌సీడీకి గుహలో ఆడినా మంచుకొండ మీద ఆడినా ఒకే వెనక దీపం, ఒకే ఖర్చు. తమరు గుహలో ఉపవాసం చేస్తారు, మంచుకొండ మీద విందు భోజనం చేస్తారు. తెల్లటి మెనూలు, పగటి వెలుగు నిండిన రేసింగ్ ఆటలు పెట్టి చూస్తే తమ పొదుపు ఎంతో తెలుస్తుంది.

ఇక తమ చుక్క రంగు మార్చుకునే 0.1 మిల్లీసెకను స్పందన. దాన్ని చూసి "ఇక కదలికలో మసకే ఉండదు" అనేవాళ్లకు ఒక చిన్న భాగహారం. 1280 చుక్కల వెడల్పును ఒక సెకనులో దాటే బొమ్మ ఉందనుకోండి. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేమూ 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలబడుతుంది, ఆలోగా కన్ను 21 చుక్కలు ముందుకు జరుగుతుంది. ఆ 21 చుక్కల మసక తమలోనూ ఉంటుంది, ఎల్‌సీడీలోనూ ఉంటుంది. తెర సెకనుకు 90 సార్లు మారే 90 హెర్ట్జ్‌లో 90 ఫ్రేములూ వస్తే 14కి తగ్గుతుంది. బరువైన ఆటను డెక్‌లో 30 ఫ్రేములకు కట్టేస్తే 43 అవుతుంది. ఎల్‌సీడీ నిదానం దీని మీద ఇంకాస్త తోక తగిలిస్తుంది, అది ఒప్పుకుంటాం. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో 7.9 అంగుళాల 120 హెర్ట్జ్ ఎల్‌సీడీ పెట్టినా ఆ తోక బాగా కనబడుతోందని కొలిచినవాళ్లు చెప్పారు. అక్కడ తమరు లేని లోటు నిజమైన లోటే. కానీ స్టీమ్ డెక్‌లో తమరున్నా, ఫ్రేములు ఊగిసలాడినప్పుడు తెర తన వేగాన్ని వాటికి తగ్గట్టు మార్చుకోలేదు. అసుస్ వారి చేతి మిషన్ రాగ్ ఆలీలోని 120 హెర్ట్జ్ ఎల్‌సీడీ మార్చుకుంటుంది. 50 దగ్గర తడబడే ఆటలకు నలుపు కన్నా ఈ సర్దుబాటే ఎక్కువ పనికొస్తుంది.

దుకాణంలో వీడియో చూసి మోసపోయే మా వాళ్లకు ఒక పద్ధతి చెప్తున్నాం, తమరు కోపగించుకోకూడదు. ఇంటి దగ్గరే ఆరు బొమ్మలు తయారు చేసి మెమరీ కార్డులో వేసుకోవాలి: నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం, ఇంకొకటి ఎరుపు, పచ్చ, నీలం విలువలు మూడూ 10గా ఉన్న ముదురు బూడిద. దుకాణంలో బ్రైట్‌నెస్ ఐదో వంతుకు దించి, బ్యాగు మూత కిందో షర్టు చాటునో చీకటి చేసి, ముందు ఆ బూడిద రంగు పెట్టాలి. చుక్కలన్నీ సమానంగా వెలగకపోతే తమ ముఖం మీద ఇసుక చల్లినట్టు మచ్చలు తేలతాయి. దీన్నే మురా అంటారు. తమరు పూర్తిగా ఆరిపోయినప్పుడూ కనబడదు, పూర్తిగా వెలిగినప్పుడూ కనబడదు, సరిగ్గా అమావాస్య సీనులోనే బయటపడుతుంది. నిప్పురవ్వల వీడియోలో అందుకే దొరకదు. ఎల్‌సీడీకైతే నలుపు బొమ్మ పెట్టి నాలుగు మూలలూ చూడాలి. ఒక మూల నుంచి పసుపు వెలుగు పొంగుతుంటే అది వెనక దీపం కారడం, ఇంకో పీస్ అడగాలి. మిషన్‌ను అటూ ఇటూ వంచితే మారిపోయే మెరుపు మాత్రం ఐపీఎస్ అనే రకం ఎల్‌సీడీ తెరల స్వభావం, దానికి గొడవ పడి లాభం లేదు.

తర్వాత కంటి పరీక్ష. చాలా చోట్ల తమరు వెలుగు తగ్గించే తీరు విచిత్రం. నిజంగా తగ్గరు, కన్ను పట్టుకోలేనంత వేగంగా ఆరి వెలుగుతూ తగ్గినట్టు నటిస్తారు. ఫోను కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/2000 పెట్టి, బ్రైట్‌నెస్ బాగా తగ్గించిన తెలుపు బొమ్మను చూస్తే నల్ల పట్టీలు నడుస్తాయి. పట్టీలు ఎంత వెడల్పుగా, ఎంత నల్లగా ఉంటే ఆర్పడం అంత మొరటన్నమాట. కొందరికి దీనితో ఏమీ కాదు, కొందరికి అరగంటలో తలనొప్పి. ఈ రెండో రకం మనిషి రాత్రి లైటు తీసేసి ఆడేవాడైతే తమ జోలికి రాకపోవడమే మంచిది. చవక ఎల్‌సీడీల్లోనూ ఈ దొంగాట ఉంటుంది కాబట్టి పరీక్ష రెంటికీ చేయాల్సిందే.

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట సెకండ్ హ్యాండ్‌లో తమరు దొరికితే ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటే నిండు తెరకు పెట్టి చూడాలి. తమలో ముందు అరిగేది నీలం. పాత యజమాని ఒకే ఆటను ఏళ్ల తరబడి ఆడి ఉంటే ప్రాణాల గీత, మ్యాపు గుండ్రం, మూలనున్న బ్యాటరీ గుర్తు దయ్యాల్లా నీలంలో తేలతాయి, తెలుపులో అదే చోటు పసుపు తిరిగి ఉంటుంది. ఈ భయం అతిగా చెప్తారన్నదీ నిజమే. యూట్యూబులో ఒకాయన స్విచ్ ఓలెడ్‌ను ఒకే బొమ్మ మీద నిండు వెలుగులో వదిలేస్తే, 3,600 గంటల దగ్గర కాస్త నీడ కనబడింది. రోజుకు రెండు గంటల లెక్కన అది దాదాపు ఐదేళ్లు. కాకపోతే వేడి తమ ఆయుష్షును తింటుంది. స్విచ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని నింటెండో, డెక్‌ను కూడా అంతేనని వాల్వ్ చెప్తున్నాయి. మా ఊరి మే నెలలో ఫ్యాను కిందే అది దాటుతుంది. బండి డిక్కీ సంగతి అడగొద్దు.

ఎండలో కూడా తమరికే మార్కులు, దాచం. వెలుగును కొలిచే నిట్స్ లెక్కన డెక్‌లో ఎల్‌సీడీ 400, తమరు మామూలు బొమ్మకు 600, వెలుగు చీకట్ల తేడా ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ బొమ్మకు 1000. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో కిటికీ పక్కన ఆ తేడా పనికొస్తుంది. అయితే ఆ వెలుగులో తమ నిండు నలుపు ఏమవుతుందో గమనించారా? అందులో పక్క ప్రయాణికుడి చొక్కా గళ్లతో సహా కనబడుతుంది. ఖరీదైన డెక్‌లలో ఈ ప్రతిబింబాన్ని చెదరగొట్టడానికే గాజును గరుకు చేసి ఇస్తారు. దాని మీద మావాళ్లు రెండొందల రూపాయల నున్నటి స్క్రీన్ గార్డు అంటించి ఆ గరుకును పూడ్చేస్తారు. స్విచ్ ఓలెడ్‌లో ఇంకో ఘోరం. గాజు పగిలితే ముక్కలు ఎగరకుండా కంపెనీయే ఒక పొర అంటించి, దాన్ని తీయవద్దంటుంది. గార్డు వేసే కుర్రాడు ముందు చేసే పని గోటితో దాన్ని లేపడం.

పగిలితే ఏమిటన్నది ఎవరూ అడగరు. మొదటి స్విచ్‌లో టచ్ గాజు వేరు, ఎల్‌సీడీ వేరు. ఏది పోతే అదే మార్చుకోవచ్చు. తమరు గాజుతో ఏకశరీరం, గీత పడినా మొత్తం తమరినే మార్చాలి. డెక్ విప్పేవాళ్లకు ఒక్క మాట: వెనక ఎనిమిది స్క్రూలు తీసే ముందు మెమరీ కార్డు బయటికి లాగండి. మరిచిపోతే మూత లేచేటప్పుడు కార్డు రెండు ముక్కలవుతుంది. ఎల్‌సీడీ మోడల్‌కు మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు, తమ మోడల్‌కు టీ6 టార్క్స్ కావాలి. డెక్‌ను ఇక్కడ అధికారికంగా అమ్మరు కాబట్టి వారంటీ కాగితం సముద్రం అవతలే ఉంటుంది.

చివరగా పాత ఆటల వాళ్లు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ బొమ్మ 240×160. దాన్ని 640×480 తెర మీద సరిగ్గా రెండింతలు చేస్తే చుట్టూ నాలుగు వైపులా 80 చుక్కల అంచు మిగులుతుంది. తమరుంటే ఆ అంచు మాయమవుతుంది, ఎల్‌సీడీలో బూడిద చట్రంలా కనబడుతుంది. దానికోసం తమని తెచ్చుకోవాలా? 720×480 ఎల్‌సీడీ తెచ్చుకుంటే బొమ్మ సరిగ్గా మూడింతలై అంచే ఉండదు. చవక మిషన్‌లో ఇదే మా సలహా. డెక్ కొనేవాళ్లకు మాత్రం తమ మోడల్‌నే చూపిస్తున్నాం. తమ ముఖం చూసి కాదు, పల్లకీ మోసిన ఆ బ్యాటరీని, చిప్పును చూసి. రసీదులో మాత్రం తమ పేరే రాస్తారు, ఏం చేస్తాం.

ఇట్లు,
తమ నలుపులో రోజూ తమ మొహాలే చూసుకునే
హైదరాబాదు వినియోగదారులు

తాజా కలం: గార్డు కుర్రాడి చేతికి ఇచ్చే ముందు ఆ పొర సంగతి గట్టిగా చెప్పి ఇస్తున్నాం. అయినా గోరు అటే పోతోంది.