సెంటిమెంటు గారూ, తమరు క్రికెట్ దగ్గరే ఉండిపోండి

మహారాజశ్రీ సెంటిమెంటు గారికి,

అంబాజీపేట పక్కన మా బాబాయి కొబ్బరి కొట్టులో మ్యాచ్‌లు చూసే బ్యాచ్ తరఫున నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడం లేదండి, ఎందుకంటే ఇండియా గెలిచినా ఓడినా తమరి ఒంటి మీద ఈగ వాలదని మాకు ఎప్పుడో తెలుసు. గెలిస్తే తమరి మహిమ, ఓడితే ఎవడో కుర్చీ మారాడు. ఇంత సుఖమైన ఉద్యోగం సెలక్షన్ కమిటీలో కూడా దొరకదు.

తమరికి మేం ఏం తక్కువ చేశామో చెప్పండి. 2011 ఏప్రిల్ 2న ధోనీ సిక్స్ కొట్టినప్పుడు మా బావ కూర్చున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఇప్పటికీ అదే మూలన ఉంది. వెనక కాలు ఒకటి విరిగితే కొబ్బరి తాడుతో కట్టాం గానీ కొత్తది కొనలేదు. అక్కడ కూర్చుంటే ట్యూబ్‌లైటు వెలుగు స్క్రీన్ మీద పడి సగం బొమ్మ కనపడదు, అయినా బావ మెడ ఎడమకి వంచి ఇన్నేళ్లుగా అలాగే చూస్తున్నాడు, ఇప్పుడు పెళ్లి ఫొటోల్లో కూడా ఆయన మెడ ఎడమకే ఉంటోంది. ఇక మా బాబాయి నీలం లుంగీ. 2023 వరల్డ్ కప్‌లో మన మొదటి మ్యాచ్ రోజు కట్టుకున్నది ఆరు వారాల పాటు నీళ్ల మొహం చూడలేదు. "మ్యాచ్‌కి మీరెందుకండీ వెళ్లడం, ఆ లుంగీ ఒక్కటీ నడిచెళ్లి టీవీ ముందు కూర్చుంటుంది" అంది పిన్ని.

వరసగా పది మ్యాచ్‌లు గెలిచాం కదండీ అప్పుడు. షమీ 24 వికెట్లూ, కోహ్లీ 765 పరుగులూ అన్నీ లుంగీ ఖాతాలోకే పోయాయి.

ఫైనల్ నవంబర్ 19, కార్తీక మాసం, ఆదివారం. ఊరంతా వనభోజనాలకని తోటల్లోకి పోతే మేం పులిహోర బేసిను కొట్టులోకే తెచ్చుకున్నాం, ఇసక డబ్బాలో ఓ ఉసిరి కొమ్మ గుచ్చి దాని పక్కన విస్తళ్లు వేశాం, పుణ్యం సంగతి అలా తేల్చేశాం. మనవాళ్లు 240కి ఆలౌట్. తర్వాత ఆస్ట్రేలియా 47కి 3 వికెట్లు. అప్పుడు తమరు ఆజ్ఞ వేశారు, ఎక్కడివాళ్లు అక్కడే, ఎవరూ కదలొద్దని. నేను బేసిను మీదకి వంగి గరిటె పట్టుకుని ఉన్నాను. బావ ఒక కాలు మడిచి కూర్చున్నాడు. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుంటున్నాడు, ఇక పెట్టుకోవడానికి లేదు. అలాగే ఉండిపోయామండి. మేం బొమ్మల కొలువులా బిగుసుకుని ఉండగానే ట్రావిస్ హెడ్, లబుషేన్ కలిసి 192 పరుగులు చేశారు. వంద దాటాక నాకు చిన్న అనుమానం వచ్చింది, ఈ కదలకపోవడం ఆ ఇద్దరికి పనికొస్తోందేమో అని. అడిగే ధైర్యం ఎవరికుంది? హెడ్ 137 కొట్టి అవుటయ్యేసరికి వాళ్లకి కావాల్సింది రెండే పరుగులు. బావకి కాలు తిమ్మిరెక్కి లేవలేకపోతే ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఇంట్లో దింపాం.

రాత్రి విచారణ జరిగింది. బావగారి ఆరేళ్ల కొడుకు మధ్యలో మంచినీళ్లకి లేచాడని సాక్ష్యం దొరికింది, కేసు మూసేశారు. రోహిత్ గాల్లోకి లేపిన బంతిని హెడ్ వెనక్కి పరిగెత్తుకుంటూ వెళ్లి పట్టిన క్యాచ్ గురించి ఒక్క మాట లేదు. రాహుల్ 66 పరుగులకి 107 బంతులు తీసుకోవాల్సి వచ్చిందంటే అవతలి వాళ్లు ఎంత కట్టుదిట్టంగా వేశారో అన్న మాట లేదు. అవతల కూడా పదకొండు మంది ఆడటానికే వచ్చారని తమరి రాజ్యంలో ఎవరికీ తోచదు. ఆ పిల్లాడు మాత్రం ఇప్పటికీ మ్యాచ్ అంటే ముందు నీళ్ల సీసా నింపుకుని కూర్చుంటాడు.

నా సంగతి ఇంకా అన్యాయం. 2024 జూన్ 29, బార్బడోస్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్. అక్షర్ ఒక్క ఓవర్లో 24 వచ్చేశాక దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 కావాలి, క్లాసెన్ కుమ్మేస్తున్నాడు. ఆ టెన్షన్‌కి నాకు బయటికి వెళ్లాల్సిన పని పడింది, పనేంటో చెప్పక్కర్లేదు. నేను పని కానిచ్చి గుమ్మం దాకా వచ్చేసరికి లోపల అరుపులు, క్లాసెన్ అవుట్. నేను పరిగెత్తబోతుంటే బాబాయి రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "నీకు దణ్ణం పెడతాన్రా, లోపలికి రాకు!"

కాలవ గట్టున, కొబ్బరి డొక్కల గుట్ట పక్కన, దోమల మధ్య నిలబడి ఇండియా వరల్డ్ కప్ గెలవడం గోడకి చెవి ఆనించి విన్నానండి నేను. బుమ్రా యాన్సన్‌ని బౌల్డ్ చేశాడు, విన్నాను. అర్ష్‌దీప్ 19వ ఓవర్లో నాలుగే ఇచ్చాడు, విన్నాను. ఆఖరి ఓవర్ మొదటి బంతికి మిల్లర్ లేపితే సూర్యకుమార్ బౌండరీ తాడు దగ్గర పట్టి, బంతిని పైకి విసిరి, తాడు దాటి బయటికెళ్లి, మళ్లీ లోపలికొచ్చి పట్టుకున్నాడు. సూర్య అయినా బయటికెళ్లి లోపలికి రాగలిగాడు. నన్ను రానివ్వలేదు. ఏడు పరుగులతో గెలిచాక అందరూ వచ్చి నన్ను ఎత్తుకున్నారు, అది మాత్రం కాదనను. అప్పట్నుంచి నా పోస్టు పర్మనెంటయింది. 2025 మార్చిలో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌కి గౌరవంగా బయట కుర్చీ వేసి, దోమల చక్రం వెలిగించి, టీ కూడా బయటికే పంపారు. అదీ గెలిచాం. ఇంక నాకు విముక్తి లేదు.

సరే, నా బాధ నేను పడతాను. కానీ తమరి వల్ల మాకు ఒక రోగం పట్టుకుంది, అది రాయకపోతే ఈ ఉత్తరం దండగ. ఓడితే ముందు కుర్చీని పట్టుకుంటాం, కుర్చీ మీద నేరం నిలబడకపోతే అప్పుడు ఆటగాడి మీద పడతాం. 2022 ఆసియా కప్‌లో పాకిస్తాన్ మీద ఆసిఫ్ అలీ క్యాచ్ వదిలేశాడని 23 ఏళ్ల అర్ష్‌దీప్‌ని మా కొట్టులో రాయలేని మాటలన్నాం. కాపాడ్డానికి ఏడంటే ఏడు పరుగులిచ్చి ఆఖరి ఓవర్ వేయమంటే అదే కుర్రాడు అదే ఆసిఫ్ అలీని ఎల్బీగా అవుట్ చేసి మ్యాచ్‌ని అయిదో బంతి దాకా లాక్కొచ్చాడు. క్యాచ్ జారిన చేత్తోనే కాసేపటికి వచ్చి యార్కర్ వేయడానికి ఎంత గుండె కావాలి? మా కొట్టులో ఒకడికి బస్తా జారితే ఆ రోజంతా పని మానేస్తాడు. హార్దిక్ సంగతీ అంతే. 2024 ఐపీఎల్‌లో రోహిత్ బదులు ముంబై కెప్టెన్ అయ్యాడని వాంఖడేలో సొంత జనమే గోల చేస్తే మా బావ ఇక్కణ్ణుంచి కోరస్ పాడాడు. ఆ ఐపీఎల్ అయిన నెల తర్వాత బార్బడోస్‌లో 16 పరుగులు కాపాడమని ఆఖరి ఓవర్ ఇచ్చింది ఆ మనిషికే. అయిపోయాక హార్దిక్ ఏడ్చాడు, టీవీ ముందు బావా ఏడ్చాడు. "మరి అప్పుడు తిట్టావు కదా బావా" అంటే, ఆ ఓవర్ గెలిపించింది హార్దిక్ కాదట, డొక్కల దగ్గర నిలబడ్డ నేనట!

మా వ్యాపారంలో కురిడీ అని ఒకటుందండి. ముదురు కాయల్ని ఏరి అటక మీద నెలల తరబడి వదిలేస్తాం. నీళ్లు లోపల్లోపలే ఇంకిపోతాయి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా తయారవుతుంది, ఊపితే గలగలమంటుంది. అది అటక మీద ఉన్నన్నాళ్లూ ఎవరూ దాని వంక చూడరు. బొండం అలా కాదు, కత్తి పడగానే నీళ్లు చిమ్ముతాయి, జనం మూగుతారు. నాకు బొండం ఆటగాళ్ల మీద ద్వేషం లేదు, సిడ్నీలో పంత్ 97 కొడుతుంటే నేనూ ఈల వేశాను. కానీ మనసంతా కురిడీ వాళ్ల మీదే.

అదే సిడ్నీ, ఆస్ట్రేలియాతో టెస్టు ఆఖరి రోజు, 2021 జనవరి 11, భోగికి రెండు రోజుల ముందు. పంత్ అవుటై, పుజారా కూడా బౌల్డ్ అవగానే మా వాళ్లు ఇంక ఓడిపోయామని తేల్చేసి కోడిపందేల బరులు ఎక్కడ కడుతున్నారో చూడ్డానికి బళ్లెక్కి పోయారు. వాళ్లతో పాటు తమరూ పోయారు. మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో ఉన్నాడు, అవతల అశ్విన్ నడుం నొప్పితో వంగలేకపోతున్నాడు. విహారి 161 బంతులాడి 23 నాటౌట్. అశ్విన్ 128 బంతులు. నలభైకి పైగా ఓవర్లు ఇద్దరూ అలా నిలబడి మ్యాచ్ డ్రా చేశారు. కొట్టులో నేనొక్కణ్ణే ఉన్నాను. బావ కుర్చీ ఖాళీ. నేను బస్తాలు లెక్కపెట్టుకున్నాను, టీ తాగాను, రెండుసార్లు బయటికెళ్లి రెండుసార్లు లోపలికొచ్చాను, ఫోన్ మాట్లాడాను. వికెట్ పడలేదు. ఆ విహారే 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్‌ఫైనల్లో మణికట్టు విరిగితే చిట్టచివర దిగి, కుడిచేతి బ్యాటరు కాస్తా ఎడంవైపు తిరిగి ఒంటి చేత్తో ఆడాడు. ఆంధ్ర ఓడిపోయింది. రంజీకి తమరు రారు కదా, అందుకని తప్పు ఎవరి మీదా పడలేదు.

ఇప్పుడు అసలు విన్నపం. 2022 మే 15, బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్ థామస్ కప్ ఫైనల్, ఎదురుగా పద్నాలుగు సార్లు గెలిచిన ఇండోనేషియా. 1949 నుంచి జరుగుతున్న టోర్నీలో మనం ఫైనల్‌కి వెళ్లడమే అది మొదటిసారి. మొదటి ఆట లక్ష్యసేన్ గెలిచాడు. రెండోది డబుల్స్, మన అమలాపురం సాత్విక్, చిరాగ్ శెట్టి జోడీ. మొదటి గేమ్ పోయి, రెండో గేమ్‌లో అవతలివాళ్లకి నాలుగు మ్యాచ్ పాయింట్లు వచ్చినా కాచుకుని 23-21తో బయటపడి, మూడోది 21-19తో లాగేశారు. మూడో ఆట మన రావులపాలెంలో పుట్టిన కిడాంబి శ్రీకాంత్ గెలిచేశాడు. మూడు సున్నా. అందులో రెండు ఒకే కాలవ నీళ్లు తాగిన ఊళ్లవి! ఆ టైముకి మేం ఏం చేస్తున్నామంటారు? తోటలో తాటిచెట్టు కింద ముంజలు తింటున్నాం. కుర్చీలో పిల్లి పడుకుంది. లుంగీ ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. ఎవరో ఫోన్ చేసి చెబితే బావ మెడ నిటారుగా పెట్టి "అవునా?" అన్నాడు.

తర్వాత సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు, ఆసియా క్రీడల్లో బంగారం, ప్రపంచ నంబర్ వన్, ఖేల్‌రత్న. ఇవన్నీ మేం చూడకుండానే. అప్పుడు ఊళ్లో అందరికీ ఒకేసారి సిగ్గేసింది. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్, మలేషియా జోడీతో. కొట్టు మూసి, కుర్చీ తుడిచి, లుంగీ కట్టి, నన్ను బయట నిలబెట్టి మరీ చూశాం. మొదటి గేమ్ 21-13. బాబాయి "ఎవరూ కదలొద్దు" అన్నాడు. గుమ్మంలోంచి తమరు లోపలికి రావడం నేను నా కళ్లతో చూశానండి. 14-21, 16-21.

కాబట్టి తమరికి మా ప్రార్థన ఏమనగా, క్రికెట్‌ని తమరే ఏలుకోండి, కుర్చీ, లుంగీ, నేను, అన్నీ తమరివే. షటిల్ కోర్టు జోలికి మాత్రం రాకండి. ఆ కుర్రాళ్లని వాళ్ల ఆట వాళ్లని ఆడుకోనివ్వండి. ఇది సెంటిమెంటు కాదండి, అనుభవం. 2025 ఆగస్టులో వరల్డ్ చాంపియన్‌షిప్, మళ్లీ పారిస్‌లోనే, క్వార్టర్స్‌లో మళ్లీ అదే మలేషియా జోడీ. ఆ రాత్రి మా కొట్టులో టీవీ ప్లగ్గు పీకేశాం, ఫోన్లు బియ్యం డబ్బాలో పెట్టాం, పెందలాడే పడుకున్నాం. తెల్లారి చూస్తే గెలిచారు, రెండే గేముల్లో.

సెమీఫైనల్ మా బావ దొంగచాటుగా ఫోన్లో చూశాడు. ఓడిపోయి కాంస్యంతో వచ్చారు. బావకీ నాకూ అప్పట్నుంచి మాటల్లేవు.

ఇట్లు,
బయట కుర్చీ వాడు