లైన్ కట్టకుండా క్వార్టర్‌బ్యాక్‌నా?
మొదటి నుంచి కట్టుకొస్తున్న జట్టు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఎంత ఇచ్చయినా ముందు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకోవాలన్న వాదన నేను ఒప్పుకోను. అతన్ని కాచే లైన్ ముందు కావాలి. 2023లో కరోలినా పాంథర్స్ చేసింది అదే. క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ కోసం డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి పిక్‌కు, అంటే మొదటి వంతుకు, ఎగబాకుతూ షికాగోకు 9, 61 నంబర్ పిక్‌లు, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్ పిక్‌లు, వాటిపైన డీజే మూర్‌నూ ఇచ్చేసింది. ఆ కుర్రాడు బంతి విసరాల్సిన మేటి రిసీవరే మూర్! ఫలితం 2-15 (రెండు గెలుపులు, పదిహేను ఓటములు), యంగ్‌కు 62 శాక్‌లు (బంతి విసిరేలోపే పడగొట్టడం). ఇచ్చేసిన 2024 పిక్ కాస్తా డ్రాఫ్ట్‌లో అన్నిటికన్నా మొదటిదై షికాగో చేతిలో పడింది. లైన్ నిలవకపోతే కొత్త కుర్రాడి చూపు దూరంగా పరుగెత్తే రిసీవర్ని వదిలి మీదికొస్తున్న డిఫెండర్ మీదికి దిగిపోతుంది, కాళ్లు కుదురుగా నిలవవు, బంతి తొందరపడి చెయ్యి దాటుతుంది. ఆ అలవాటు పట్టుకుంటే వదిలించడం చాలా కష్టం. డెట్రాయిట్ మాత్రం 2021లో తన క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ను ఇచ్చి, మరో క్వార్టర్‌బ్యాక్ గాఫ్‌తో పాటు రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ తెచ్చుకుంది. తన 7వ పిక్‌తో లైన్‌లో ఆడే టాకిల్ పెనే సూయెల్‌ను తీసుకుంది. ఆ ఏడు 3-13-1 (చివరిది టై), 2023లో 12-5. పైగా రూకీ (డ్రాఫ్ట్‌లో వచ్చిన కొత్త ఆటగాడి) ఒప్పందం నాలుగేళ్లే. మొదటి రౌండ్ ఆటగాడికి ఐదో ఏడాది ఆప్షన్ (మరో ఏడు ఉంచుకునే హక్కు) వాడాలా వద్దా అన్నది మూడు సీజన్లు కాగానే తేల్చాలి. లైన్ లేకుండా గడిచే రెండు సీజన్లు ఆ లెక్కలోంచే పోతాయి.