గరుకుగా ఉంటే చాలు, బ్రాండ్ అయిపోతుందా?

చిరుధాన్యాలు, గానుగ నూనె, పచ్చళ్ళు అమ్మేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. లోగో అక్షరాలు లావుగా, అంచులు చిరిగినట్టు గరుకుగా పెట్టాలట. పాతకాలపు కళ వస్తుందట, చేత్తో చేసిన సరుకని జనం నమ్ముతారట. కంప్యూటర్‌లో ఒక ఫిల్టర్ వేస్తే పనైపోతుందట, బోర్డు నుంచి బిల్లు దాకా ఎక్కడైనా అదే వాడుకోవచ్చట. హైదరాబాద్‌లో బోర్డులు, లేబుళ్ళు చేసేవాణ్ణి కాబట్టి, ఇది చూపించి "అన్నా, గిట్లనే కావాలె" అనేవాళ్ళు నాకు కొత్త కాదు.

పాతకాలం అంటున్నారు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. 1827లో అమెరికాలో డేరియస్ వెల్స్ అనే ఆయన రౌటర్‌తో, అంటే చెక్కను తొలిచే యంత్రంతో, అచ్చు వేసే చెక్క అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాక పోస్టర్లకు పెద్ద అక్షరాలు చవగ్గా దొరికాయి. వాటి అచ్చులో కనిపించే మచ్చలు చెక్క అరిగిపోయి, సిరా సరిగా అంటక వచ్చినవి. ఏ ప్రెస్సువాడూ కోరి తెచ్చుకోలేదు. మన సుల్తాన్ బజార్ బోర్డుల పెయింటర్లకైనా అంచు వణక్కుండా లాగడమే పనితనం. పెచ్చులు ఊడగొట్టింది ఎండా వానా.

అసలు చిక్కు మన లిపితో. 'ధాన్యం' అని లావుగా రాసి ఫిల్టర్ వేసి చూడండి. ధ కింది చిన్న గీత చెరిగితే ద అవుతుంది. పొట్టలో మచ్చ పడితే థ అవుతుంది. ర మధ్యలో చుక్క పడిందా, ఠ. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఆ కొస మెలికే, అంచు చింపితే ముందు పోయేదీ అదే. అక్షరం లావెక్కేకొద్దీ లోపలి ఖాళీలు ముందే ఇరుకవుతాయి, ఇక మచ్చలకు చోటెక్కడ?

పైగా ఫిల్టర్ బదులు గరుకు ఫాంటే కొన్నారనుకోండి, 'గానుగ నూనె'లో న మూడుసార్లు వస్తుంది. మూడింటి పొట్టలోనూ ఒకేచోట ఒకటే గీత! చేత్తో రాసినవాడు మూడు న లు అచ్చుగుద్దినట్టు రాయగలడా?

నమ్మకం అంటారా, వీధిలో నాలుగు కొట్లూ ఒకే గరుకు పెట్టాక ఎవరిది గానుగో ఎవరికి తెలుస్తుంది?

ఇక 'ఎక్కడైనా' అన్న మాట. స్టిక్కర్ కటింగ్‌లో ప్రతి మచ్చనూ బ్లేడు చుట్టిరావాలి, ఆ తునకలన్నీ కుర్రాడు సూదితో ఏరాలి. మామూలు బిల్లు ప్రింటర్ మిల్లీమీటరుకు 8 చుక్కలే వేస్తుంది. అందులో బూడిద రంగు లేదు, నలుపో తెలుపో అంతే. గరుకు కాస్తా మరకవుతుంది.

గరుకు వద్దనడం లేదు. కుంచెతో కాగితం మీద రాసి స్కాన్ చేస్తే పెద్ద పోస్టర్ మీద భలే ఉంటుంది. అయితే అక్షరాన్ని అక్షరం నుంచి వేరుచేసే ఆ గీతల్నీ చుక్కల్నీ ముట్టుకోకండి, చిన్న సైజుకు నున్నటి రూపం ఒకటి విడిగా చేయించండి. డిజైనర్‌కు డబ్బులిచ్చే ముందు లోగోలోని పేరును 5 మిల్లీమీటర్ల ఎత్తులో ప్రింటు తీయించి, దుకాణానికి వచ్చిన ఎవరిచేతనైనా పైకి చదివించండి.