అర్థమైందా? ఆఁ!

షుగరు పేషెంటుకు పాఠం చెప్పడమనే విద్యలో మన ఆసుపత్రులు సాధించిన పొదుపును ఇంతవరకు ఏ విద్యావేత్తా గుర్తించలేదన్న బాధతో ఈ వ్యాసం రాస్తున్నాను. బి.ఎడ్. కళాశాలల్లో రెండేళ్లు నేర్పే బోధనా పద్ధతులన్నింటినీ మన ఓపీ గదిలో ఏడు మాటల్లో ముగిస్తారు: "అన్నం తగ్గించండి, తీపి మానేయండి, రోజూ నడవండి, అర్థమైందా?" ఏడడుగులు నడిచిన దంపతులు జీవితాంతం ముడిపడినట్టే, ఈ ఏడు మాటలు విన్న మనిషి షుగరుతో జీవితాంతం ముడిపడతాడు, కాకపోతే పెళ్లిలో అడిగితే పురోహితుడు మంత్రానికి అర్థం చెబుతాడు.

ఈ పొదుపును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10.1 కోట్లు, దాని గడపలో నిలబడ్డవారు మరో 13.6 కోట్లు, ఇంత పెద్ద తరగతిలో ఒక్కొక్కరికీ అరగంట కేటాయిస్తే, బయట బెంచీ మీద టోకెను పట్టుకుని కూర్చున్నవారికి అక్కడే తెల్లవారుతుంది.

పాఠం పూర్తయిందనడానికి రుజువు పేషెంటు పలికే "ఆఁ". ఆ "ఆఁ"కు విన్నానని, బస్సు వెళ్లిపోతోందని, చీటీ ఇస్తే వెళతానని, నలుగురిలో తెలియదనడం నామోషీ అని ఎన్ని అర్థాలున్నా, డాక్టరు గారు వాటిలో అతి అరుదైన అర్థాన్నే స్వీకరిస్తారు. ఊ కొట్టడం మనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. అయితే ఊ కొట్టినంత మాత్రాన మనవడికి కథ అర్థమైందని ఏ అమ్మమ్మా నమ్మలేదు, మధ్యలో ఆపి, "రాజు గారికి ఎంతమంది కొడుకులురా?" అని అడిగి చూసేది.

మా పెదనాన్న గారు ఈ విద్యావిధానంలో ఆణిముత్యం. అన్నం తగ్గించమన్నారు గనుక మధ్యాహ్నం అన్నం సగం చేసి, ఆ లోటును ఉదయం ఆరు ఇడ్లీలతో భర్తీ చేశారు. ఇడ్లీ రవ్వ బియ్యంతోనే చేస్తారన్నది ఆ ఏడు మాటల్లో లేదు. రాత్రి చపాతీలు నాలుగు తిన్నారు, ఎందుకంటే మన ఇళ్లలో చపాతీ ఆహారం కాదు, ఔషధం. గోధుమలోనూ పిండిపదార్థమే ఉంటుందని, ఏది తిన్నామన్న దానితోపాటు ఎంత తిన్నామన్నదీ లెక్కేనని ఆయనకు చెప్పినవారు లేరు. తీపి మానేయమన్నారు గనుక పంచదార డబ్బా అటక మీదికి ఎక్కించి, కాఫీలో బెల్లం కలుపుకున్నారు. మూడు నెలల షుగరు పరీక్షకు ముందు రెండు రోజులు కటిక ఉపవాసమూ చేశారు. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతికి, గడిచిన రెండు మూడు నెలల సగటు జాతకాన్ని ఆ పరీక్షలో విప్పుతాయని తెలియక, రిపోర్టు చూసి ల్యాబు వాళ్లను అనుమానించారు.

ఆయనకు ఒక కరపత్రం కూడా ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉండటం లోపమేమీ కాదు, బొమ్మ ఉందిగా! పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో, మిగిలిన పావు అన్నం అని ఆ బొమ్మ భావం, పద్ధతి మంచిదే. కాని మన కంచంలో కూర అన్నది అన్నం గొంతు దిగడానికి కట్టిన మెట్టు మాత్రమే. ఆ బొమ్మలో బ్రోకలీ బదులు బీరకాయ వేసి, వడ్డించే పెద్దమ్మను కూడా గదిలోకి పిలిచి చూపించి ఉంటే, ఆ కాగితం మా ఇంట్లో పచ్చడి జాడీ కింద మడతపడి ఉండేది కాదేమో.

ఇన్సులిన్ పాఠం మరీ క్లుప్తం: "సూది పొట్టకు వేసుకోండి." రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డ కట్టి మందు సరిగా ఒంటికి పట్టదని ఎవరికి వారే గ్రహించుకోవాలి. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకని, నారింజ మూతది 100 యూనిట్లుండే సీసాకని, అవి తారుమారై 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుందని చెప్పడం మందుల షాపు కుర్రవాడి ఔదార్యానికి వదిలేశారు.

ఇటీవల కొందరు, చెప్పిన పాఠాన్ని పేషెంటు చేత అతని మాటల్లోనే తిరిగి చెప్పించుకోవాలని ప్రచారం చేస్తున్నారు. "ఇంటికెళ్లి ఆవిడకు ఏమని చెబుతారో నాకు చెప్పండి" అని అడగాలట. ఇది అత్యంత ప్రమాదకరమైన ప్రతిపాదన. వీధిబడి పంతులు గారు పాఠం అప్పజెప్పించుకుంటే తప్పిన పిల్లవాడికి తొడపాశం పడేది. ఇక్కడ పేషెంటు తప్పితే తప్పినది చెప్పినవారి పాఠమని తేలుతుంది. పైగా మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఏడు మాటల పద్ధతి ఎంత గట్టిగా నాటుకుంటుందో మొన్నటి ఏకాదశికి కళ్లారా చూశాను. పెదనాన్న గారు ఉపవాసం ఉండి కూడా పొద్దుటి షుగరు బిళ్ల మాత్రం నిష్ఠగా వేసుకున్నారు. పదకొండింటికి చెమటలు, వణుకు. మిషను 58 చూపించింది. రక్తంలో షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలని ఎక్కడో చదివిన నేను కేక వేయగానే పెద్దమ్మ అటకెక్కి డబ్బా దింపింది. ఆయన పళ్లు బిగించి, "తీపి మానేయమన్నారు కదే!" అన్నారు. చివరికి నేను గడ్డం పట్టుకుంటే, ఆవిడ బతిమాలుతూ గుక్కగుక్కగా తాగించింది.

మరుసటి వారం ఓపీలో ఆయన ఉపవాసం, బిళ్ల, వణుకు, పంచదార అన్నీ వరసగా డాక్టరు గారికి విన్నవించుకుని, "అర్థమైందాండీ?" అని అడిగారు. డాక్టరు గారు చీటీ రాస్తూ, తలెత్తకుండా, "ఆఁ" అన్నారు.