90 రూపాయల దొరలకు ఒక విన్నపం

మహారాజశ్రీ డిస్కస్ చేపల దంపతులు అయ్యగారికి, అమ్మగారికి మీ ఇంటి పనివాడు నమస్కరించి రాయు విన్నపములు.

ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, కుశలం ఒకవైపే ఉంది. మీరు 29 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో క్షేమంగా ఉన్నట్టు థర్మామీటరు చెబుతోంది. నా సంగతి చెప్పడానికి బీపీ మీటరు తప్ప దిక్కులేదు. మీకూ నాకూ మధ్య దూరం సోఫాకీ టీవీకీ ఉన్నంతే. ఎదురుగా నిలబడి చెప్పొచ్చు కదా అంటే, నేను దగ్గరికొస్తే మీరు మాట వినరు. మేత తెచ్చాననుకుని ఇద్దరూ అద్దానికి మూతులు ఆనించేస్తారు. అందుకే ఈ ఉత్తరం.

బీపీ వచ్చిన కొత్తలో డాక్టరు గారు, "టెన్షన్ తగ్గించుకోండి, ఏదైనా హాబీ పెట్టుకోండి" అన్నారు. ఆయన ఉద్దేశం సాయంత్రం నడక అయ్యుంటుంది. నేను నడుచుకుంటూ అక్వేరియం షాపులోకి వెళ్లాను.

ఆ షాపతను గోల్డ్‌ఫిష్ అడిగినవాళ్లకి వేలు చూపించి ఊరుకుంటాడు. నేను డిస్కస్ అనగానే కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. "అక్వేరియంకి రాజు సార్ ఇది. మలేషియా, పెనాంగ్ నుంచి విమానంలో దిగింది" అన్నాడు. అసలు మీ వంశం అమెజాన్‌దనీ, మీ తాతలు రియో నీగ్రో నల్లనీళ్లలో తిరిగేవారనీ, 1840లో హెకెల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త మీకు పేరు పెట్టాడనీ తర్వాత నేనే చదువుకున్నాను. ఆ హెకెల్‌ని తలుచుకోకుండా మా ఆఫీసు క్యాంటీన్‌లో నేను టిఫిన్ తిన్న రోజు లేదు. ఇప్పుడు నా టేబుల్ దగ్గరికి ఎవరూ రావడం లేదు, అది వేరే సంగతి. మీరొచ్చిన థర్మకోల్ పెట్టె మీద పార్సెల్ చీటీ మాత్రం ఇంటికొచ్చాక చూశాను. చెన్నై, కొళత్తూరు. రంగుచేపల పెంపకానికి పేరుమోసిన చోటే, కాదనను. విమానం లేదు, రాత్రి బస్సు డిక్కీ.

డిస్కస్‌ని కొనేవాడు ముందు చూడాల్సింది రంగు కాదట, కన్ను. ఒంటికి తగ్గ కన్నుంటే సరే. ఒళ్లు చిన్నగా, కన్ను మాత్రం గోళీకాయంత ఉంటే, అది పసితనంలో తిండి చాలక గిడసబారిన చేప. ఇక ఎంత పెట్టినా ఎదగదు. రెండున్నర అంగుళాల పిల్లకి పెద్దచేప రంగులన్నీ ఉంటే సంతోషించకూడదు, అనుమానించాలి. మేతలో హార్మోన్లు కలిపి రంగు తెప్పించేవాళ్లున్నారు, నెలలు గడిచేసరికి అది దిగిపోతుంది. నల్లబడి మూల నక్కినదాన్ని ముట్టుకోకూడదు. తెల్లగా దారంలా విసర్జించేదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. షాపతనితో కళ్లముందు మేత వేయించి, పరుగెత్తుకొచ్చి తిన్నవాటినే ఏరుకోవాలి. ఇవన్నీ నాకు తెలుసు. కొన్న రెండు నెలలకి తెలిసింది.

కొన్న రోజు నేను చూసింది రంగే. ఆరుగురిని తీసుకున్నాను, ఒక్కొక్కరు రూ.900. "ఒకటీ రెండూ అయితే బలమైనది రెండోదాన్ని బతకనివ్వదు సార్, గుంపుగా ఉండాలి" అన్నాడు. ఆ రోజు అతను చెప్పినవాటిలో నిజం అదొక్కటే. కవర్లలో ఇంటికొచ్చేసరికి అమ్మగారు తప్ప అందరూ బొగ్గుల్లా నల్లబడ్డారు. భయపడితే మీకంతేనట. తలుపు తీసి మా ఆవిడ "ఎంత?" అని అడిగినప్పుడు నేనూ నల్లబడ్డాను. "తొంభై" అన్నాను.

ఒక్క సున్నా. తర్వాత జరిగినదానికంతా ఆ సున్నాయే కారణం.

"తొంభై రూపాయల చేపకి పదహారొందల హీటరా?" అంది మా ఆవిడ. లెక్క ప్రకారం ఆవిడ అన్నది తప్పు కాదు. డిసెంబరులో మా అమ్మ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, మీ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని, అద్దానికి అరచేతులు ఆనించి వెచ్చబెట్టుకునేది. ఇంట్లో వెచ్చటి చోటు అదొక్కటే మరి.

నీళ్ల సంగతి ఎత్తితే మా అపార్ట్‌మెంటులో నన్ను కొడతారు. మా బోరునీళ్లు కాచిన గిన్నెకి తెల్లటి పొర కట్టేంత గట్టివి. మీకేమో మెత్తని నీళ్లు కావాలి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరగ్గొట్టాలి. అందుకని ఆర్వో నీళ్లు పట్టి, కలిపి, ఒక రోజు ముందే డ్రమ్ములో వెచ్చబెట్టి, ట్యాంకులో మూడో వంతు రోజూ మార్చాను. సుమారు 80 లీటర్లు. ఏప్రిల్‌లో కింద ట్యాంకరు కోసం జనం బకెట్లతో నిలబడితే, నేను పైన మీ పాతనీళ్లు కుండీల్లో పోస్తూ ఎవరి కంటా పడకుండా వంగి తిరిగేవాణ్ణి. మా కరివేపాకు మాత్రం ఆ ఎరువుకి పొదలా పెరిగింది. మీ వల్ల వచ్చిన ఆదాయం ఇప్పటివరకు అదే.

ఆ రోజుల్లోనే కైకలూరు నుంచి మా బాబాయ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్న మనిషి. చెప్పులు విప్పకుండానే ట్యాంకు ముందు నిలబడ్డాడు.

"ఇవి ఎంత బరువు తూగుతాయిరా?"

"పెంచుకోవడానికి బాబాయ్. తినడానికి కాదు."

"పెంచేది తినడానికే కదరా! ఎంతకి కొన్నావు?"

మా ఆవిడ వంటింట్లో ఉందని చూసుకుని, చెవిలో నిజం చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుండిపోయాడు. ఆ డబ్బుకి నలభై కిలోల శీలావతి వస్తుందట. తన చెరువులో చిట్టిపిల్లలకి వేరుశనగ చెక్క పొడి, తవుడు సగం సగం కలిపి చల్లిస్తాడు. పెద్దవాటికి చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి గుంజలకి కట్టిస్తే, చేపలే వచ్చి పొడుచుకు తింటాయి. "నువ్వు ఉద్యోగం మానేసి వీటికి గోరుముద్దలు పెడుతున్నావురా" అన్నాడు. ఉద్యోగం మానలేదు బాబాయ్ అన్నాను.

ఏడాది తిరిగేసరికి ఆరుగురిలో మీ ఇద్దరికీ జత కుదిరింది. గోళీకాయ కన్ను పిల్ల అప్పటికే పోయింది. మిగతా ముగ్గురిని ఒక ఎయిర్ పంపుకి బదులుగా షాపతనే వెనక్కి తీసుకున్నాడు. కొత్త కాపురానికి మట్టి కోను తెచ్చి నిలబెట్టాను. మీరిద్దరూ రెండు రోజులు దాన్ని మూతులతో తోమి తోమి శుభ్రం చేశారు. మా ఇంట్లో అంట్లు కూడా అలా తోమరు. తర్వాత అమ్మగారు వరసలు వరసలుగా గుడ్లు అంటించడం, వెనకే అయ్యగారు రావడం. ఆ సాయంత్రం ఆఫీసులో మైసూర్‌పాక్ పంచాను.

తెల్లారి లేచి చూస్తే కోను ఖాళీ.

తినేశారు. కన్నవాళ్లే తినేశారు. రెండోసారి గుడ్లు తెల్లబడి బూజు పట్టాయి. మూడోసారి మళ్లీ తిన్నారు, అయ్యగారు ముందు, అమ్మగారు తర్వాత. కొత్త జంటలకి ఇది మామూలేనని అనుభవజ్ఞులు అన్నారు. పంచిన మైసూర్‌పాక్‌కి మాత్రం నేనే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. నాలుగోసారి కోనుకి సన్నటి ప్లాస్టిక్ జాలీ చుట్టాను. కళ్లతో కాపలా కాయండి, నోటితో వద్దు అని.

మూడో రోజు గుడ్లు చిట్లి తోకలు కదిలాయి. ఇంకో మూడు రోజులకి ఈదడం మొదలుపెట్టారు, సుమారు తొంభై మంది. మళ్లీ అదే అంకె, నా కర్మ. ఇక్కడ మాత్రం వెటకారం పక్కన పెట్టి ఒక మాట చెప్పుకోవాలి. మీ పిల్లలకి మొదటి మేత మీ ఒళ్లే. చర్మం మీద ఊరే జిగురుని పిల్లలు పొడుచుకు తింటారు. ఆ జిగురు తల్లికీ ఊరుతుంది, తండ్రికీ ఊరుతుంది. ఒకరు అలిసిపోతే ఒళ్లు ఒక్కసారి విదిలిస్తారు, పిల్లలమంద మొత్తం గాల్లో పిచ్చుకల్లా లేచి రెండోవాళ్ల మీద వాలుతుంది. అర్ధరాత్రిదాకా కుర్చీ వేసుకుని చూశాను. డాక్టరు గారు చెప్పిన హాబీ ఇదే కాబోలు అనిపించిన రోజులు అవి, ఓ మూడు.

అయితే చిక్కల్లా అమ్మగారి రంగుతో వచ్చింది. అమ్మగారు పిజన్ బ్లడ్, థాయ్‌లాండ్‌లో మనుషులు పెంచి తీర్చిన రకం. పిల్లలు నల్లగా కనబడిన ఒంటి దగ్గరికి పోతారు. పిల్లలొచ్చినప్పుడు మామూలు డిస్కస్ ఒళ్లు నల్లబడుతుంది. పిజన్ బ్లడ్‌కి ఆ నలుపు రాదు. అందానికని తీసేసిన నలుపు అన్నం పెట్టే నలుపని ఎవరు అనుకున్నారు! పిల్లలు కొందరు స్పాంజి ఫిల్టరుని అమ్మ అనుకున్నారు, కొందరు హీటరు మూతని. మిగిలినవాళ్లంతా రెడ్ టర్కాయిస్ రకం అయ్యగారి మీదే పడ్డారు. ఆయన విదిలిస్తే గాల్లోకి లేచి మళ్లీ ఆయన మీదికే. ఫిల్టరు తీసి ఎయిర్ స్టోన్ ఒక్కటే ఉంచి, హీటరుకి తెల్లగుడ్డ చుట్టి, నీటిమట్టం తగ్గించాక దారిలో పడ్డారు. అంతా చూసిన మా ఆవిడ, "మగాడంటే ఆయన" అంది. టీ కప్పు నేనే కడుక్కున్నాను.

వారం దాటాక ఉగ్గు నా చేతికొచ్చింది. ఉగ్గు అంటే ఆర్టీమియా, ఉప్పునీళ్లలో బతికే బుల్లి రొయ్యలాంటి జీవి. అమెరికాలో యూటా గ్రేట్ సాల్ట్ లేక్ దగ్గర తీసిన గుడ్లు డబ్బాల్లో వస్తాయి. మన కోస్తాలో రొయ్యల హేచరీలు వనామీ పిల్లలకి పెట్టేది ఈ ఆర్టీమియానే. హేచరీలో పనిచేసే మా బావగారు ఒక డబ్బా పంపి, "ఎన్ని లక్షల పిల్లలు?" అని ఫోన్ చేశాడు. తొంభై అన్నాను. లైన్ కట్టయిందనుకున్నాను, నవ్వుతున్నాడట.

కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసి, లీటరుకి పాతిక ముప్పై గ్రాముల ఉప్పు వేసి, ఓ చిటికెడు గుడ్లు పోసి, గాలి బుడబుడలాడిస్తే 24 గంటలకి చిట్లుతాయి. అప్పుడు గాలి ఆపాలి. పెంకులు పైకి తేలతాయి. కింద లైటు పెడితే నారింజ రంగు ఆర్టీమియా పిల్లలు అక్కడ గుంపు కడతాయి. వాటిని సన్నని గుడ్డలో వడకట్టి, ఉప్పు కడిగి, మీ పిల్లల మూతుల దగ్గర చుక్కలు చుక్కలుగా వదలాలి. పెంకులు కడుపులోకి పోతే ప్రమాదం. ఎక్కువ వేస్తే మంచినీళ్లలో చచ్చి కుళ్లుతాయి, తక్కువ వేస్తే మీ పిల్లలు గోళీకాయ కళ్లతో మిగులుతారు. చిట్లిన కొన్ని గంటల్లోనే పెట్టాలి, ఆలస్యమైతే వాటిలో సారం తగ్గిపోతుంది. కాబట్టి ఈరోజు సీసా, రేపటి సీసా, రెండూ వంటింటి కిటికీకి వేలాడాయి. రోజుకి ఆరుసార్లు. తిన్న పిల్లల కడుపులు నారింజ రంగుకి తిరుగుతాయి. టార్చి వేసి ఆ కడుపులు చూస్తేనే నాకు ముద్ద దిగేది.

మధ్యాహ్నం మేత కోసం సెలవులన్నీ వాడేశాను. "ఇంట్లో పిల్లలు ఆకలితో ఉంటారు సార్" అంటే మా మేనేజరు మొదటి వారం జాలిపడ్డాడు. మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరమని తెలిశాక మానేశాడు.

పిల్లలు కాస్త ఎదిగాక మేక గుండె ముక్కలు కొవ్వు తీసి, రుబ్బి, పలకలుగా గడ్డకట్టించాను. సరిగ్గా కార్తీకమాసంలో. ఉల్లిపాయ కూడా తరగని మా అమ్మ ఐసు కోసం ఫ్రీజరు తెరిచింది. ఆ వివరాలు వద్దు. మిక్సీ కొత్తది కొన్నాం.

ఇంత చేశాక ఇవాళ్టికి నలభై ఒక్కరు మిగిలారు, రూపాయి బిళ్లంత సైజు. ఇక అసలు విన్నపం. ఈ ఆదివారం మూడో అంతస్తు వాళ్లబ్బాయి పుట్టినరోజు. రిటర్న్ గిఫ్టులుగా మీ పిల్లల్ని ప్లాస్టిక్ కవర్లలో కట్టి ఇస్తానని మా ఆవిడ మాటిచ్చేసింది. ఇరవై మంది. "పెద్దవి తొంభైకి కొన్నాం కదా, పిల్లలకి యాభై చాలు" అని ఫోన్‌పేలో వెయ్యి రూపాయలు కూడా తీసుకుంది. నేను నోరు తెరిస్తే సున్నా బయటపడుతుంది. తెరవకపోతే ఇరవై మంది పోతారు.

అందుకని అయ్యగారూ, మీ పోలిక వచ్చిన పిల్లలకి మీరే నచ్చచెప్పండి. ఆదివారం పొద్దున్నే నల్లబడి, మూలకి చేరి, మేత వేసినా కదలకుండా ఉండమనండి. అలాంటి చేపని ఎవరూ తీసుకెళ్లరు, నేను పూచీ. అమ్మగారి పోలిక వచ్చినవాళ్లు ఎంత భయపడినా నల్లబడలేరు కాబట్టి, వాళ్లని శనివారం రాత్రే ఆర్వో డ్రమ్ములోకి మార్చేస్తాను. హీటరు అందులో కూడా పెట్టాను. ఖరీదు మా ఆవిడ అడిగితే నూట అరవై అని చెప్పాను.

ఇట్లు,
తమ మేత వేళకి లేవబోతున్న
మీ పనివాడు